మేం రాసిన తీర్మానం

మా ఊళ్లో బడి వెనక ఒక సిమెంటు ట్యాంకు ఉంది. అందులో నీళ్లు నిలిచింది రెండు వర్షాకాలాలే. ఇప్పుడు దాని నీడన మేకలు పడుకుంటాయి, పిల్లలు దాని గోడ మీద బొగ్గుతో ఎక్కాలు రాస్తారు. ఆ ట్యాంకు అక్కడే కట్టాలని తీర్మానం రాసింది ఏ అధికారీ కాదు. మేమే.

మేం అంటే ఊళ్లో నాలుగు అక్షరాలు వచ్చిన ఐదుగురం. ఇద్దరం బడి పంతుళ్లం, ఒకరు అంగన్‌వాడీ టీచరు, ఇద్దరు డిగ్రీ పూర్తిచేసి ఇంటి దగ్గర ఉన్నవాళ్లు. పంచాయతీ కేంద్రం మా ఊరికి తొమ్మిది కిలోమీటర్లు, మధ్యలో గెడ్డ. గ్రామసభ ఉందని కబురు ముందురోజు సాయంత్రం వచ్చింది. తెల్లారితే సంత. ఊరు ఊరంతా చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు నెత్తిన పెట్టుకుని సంతకు వెళ్లిపోయింది. వచ్చినాయన కాసేపు చూసి, "మీరు చదువుకున్నోళ్లే కదా మాస్టారూ, పనులేమిటో పుస్తకంలో రాసెయ్యండి, వేలిముద్రలు తర్వాత వేయిద్దాం" అన్నాడు. అబద్ధం ఎందుకు, మాకది గౌరవంగానే అనిపించింది. ఐదు పనులు రాశాం. మంచినీటి ట్యాంకు ఎక్కడ కట్టాలి అన్న గడిలో 'బడి వెనక' అని రాశాం, మాకు బాగా తెలిసిన చోటు బడే కాబట్టి. రెండు రోజుల తర్వాత ఇంటింటికీ పుస్తకం పట్టుకు తిరిగి వేలిముద్రలు వేయించాం. ఎవరూ ఎందుకని అడగలేదు. మన పిల్లలే కదా రాసింది అనుకున్నారు.

కొండ మీది ఊట నుంచి గొట్టం వేసి, మోటారు లేకుండా నీళ్లు దిగేలా చేసే పథకం అది. ట్యాంకు బడి వెనక కాబట్టి దానికి దగ్గరగా ఉన్న ఊటకు గొట్టం కలిపారు. మొదటి వేసవిలోనే ధార సన్నబడి ఆగిపోయింది. వానలకు మళ్లీ వచ్చింది, మళ్లీ ఎండింది, తర్వాత గొట్టాలు పగిలితే అతికించినవాళ్లు లేరు. అప్పుడు మాలో ఒకరి అవ్వ కువిలో అన్న మాటకు తెలుగు ఇది: "ఆ ఊట ఇటుకల పండగ చూడదురా. పనసచెట్ల అవతల ఊటయితే ఎండాకాలమంతా పారుతుంది. నన్నడిగారా మీరు?"

అడగలేదు. పంచాయతీ వాళ్లు మమ్మల్ని అడగలేదని కోపం తెచ్చుకోవడం మాకు అలవాటే. మేం అవ్వను అడగలేదన్నది అప్పటిదాకా తోచలేదు.

ఆ తర్వాతే చట్టం తెరిచాం. డైట్‌లో చదువుకునేటప్పుడు పంచాయతీరాజ్ గురించి మార్కుల కోసం చదివాంగానీ మన ప్రాంతానికి వేరే చట్టం ఉందని ఒక్క పేరా కూడా గుర్తులేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చినప్పుడు ఐదో షెడ్యూలు ప్రాంతాలను దాన్నుంచి పక్కన పెట్టారు. దిలీప్ సింగ్ భూరియా కమిటీ 1995లో నివేదిక ఇచ్చింది, 1996 డిసెంబరు 24న పీసా చట్టం వచ్చింది. అందులో ఊరు అంటే పంచాయతీ కాదు. తన ఆచారాల ప్రకారం తన వ్యవహారాలు తాను చూసుకునే ఒక ఆవాసం, లేదా కొన్ని ఆవాసాల గుంపు, లేదా ఒక గూడెం. అంటే మా ఊరు ఒక ఊరే. తొమ్మిది కిలోమీటర్ల అవతల జరిగే సభకు తోక కాదు. పనులూ పథకాలూ పంచాయతీ మొదలుపెట్టకముందే గ్రామసభ ఆమోదించాలి. ఖర్చయిన డబ్బు సరిగా ఖర్చయిందని గ్రామసభ ధ్రువపత్రం ఇవ్వాలి. ఈ రెండో మాట చదివినప్పుడు మా ముఖాలు చూసుకున్నాం. ఎండిపోయే ఊటకు కట్టిన ఆ ట్యాంకు బాగుందని కూడా వేలిముద్రలు పడ్డాయి. వేయించిందీ మేమే.

రాష్ట్రంలో దీని నియమాలు రావడానికి 2011 దాకా పట్టింది. వాటి ప్రకారం గ్రామసభకు ఉపాధ్యక్షుణ్ణి, కార్యదర్శిని సభే ఎన్నుకోవాలి. మా తోటి ఉపాధ్యాయులు చాలామందికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. పరీక్షల్లో రాని చట్టం కదా.

మనవాళ్లకు గ్రామసభ బలం తెలియదని కాదు. మాకు కొండల అవతలే నియమగిరి ఉంది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, బాక్సైట్ తవ్వకం మీద అక్కడి గ్రామసభల మాట తీసుకోమంది. ఆ జులై, ఆగస్టు నెలల్లో రాయగడ, కలహండి జిల్లాల్లో పన్నెండు ఊళ్లు జిల్లా జడ్జి ఎదుట కూర్చున్నాయి. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. ఎక్కువ ఊళ్లు డొంగ్రియా కొంధులవి, వాళ్లు మాట్లాడేది మన అవ్వ మాట్లాడే కువే. ఇటువైపు కూడా అనంతగిరి మండలం నిమ్మలపాడు తవ్వకాల మీద మొదలైన కేసులోనే 1997లో సమతా తీర్పు వచ్చింది. జెర్రెల బాక్సైట్ కోసం 2015లో తెచ్చిన 97వ నంబరు జీవో 2019లో రద్దయింది. వద్దు అనాల్సివచ్చినప్పుడు మనం ఒక్కటిగా నిలబడగలం. మాకు కష్టంగా ఉన్నది 'ఇది కావాలి, ఇక్కడ కావాలి, ఇలా కావాలి' అని కూర్చుని తేల్చుకోవడం. వద్దు అనడానికి ఒక రోజు చాలు. ఊరికేం కావాలో తేలడానికి మాకు పదకొండు సాయంత్రాలు పట్టింది.

ప్రణాళిక అనే మాటకే జనం నవ్వుతారు, అది ఆఫీసు మాట. కానీ పోడులో ఏ వాలున సామలు చల్లాలి, ఏ వాలు ఈ ఏడు వదిలెయ్యాలి అని మన తాతలు కూర్చుని తేల్చినది ప్రణాళిక కాక మరేమిటి? ఆ మాటే చెప్పి మొదలుపెట్టాం. బడి ఆవరణలో పిల్లలు ముగ్గుపిండితో ఊరి పటం వేశారు. ఇళ్లకు చింతగింజలు, కాఫీ తోటలకు ఆకులు, ఊటలకు నీలం సుద్ద. మేం నాలుగు ఊటలు అనుకున్నాం. ఆడవాళ్లు వచ్చి ఏడు పెట్టారు. ఏది ఏ నెలదాకా పారుతుందో పిల్లలు పక్కన గింజలతో లెక్క పెట్టారు. పన్నెండు గింజలు పడినవి రెండే.

తగువులు లేవనుకోకండి. కుర్రవాళ్లకు ముందు రోడ్డు కావాలి. పురుటి నొప్పులతో ఉన్నామెను డోలీలో మోసిన భుజాలు వాళ్లవి, కాదని ఎలా అంటాం. పెద్దలకు ముందు నీళ్లు కావాలి. ఊట పైన వాలులో కాఫీ వేసినవాళ్లు పాత చెట్లు కొట్టి సిల్వర్ ఓక్ నాటుకుంటామన్నారు. దాని మీదే మూడు సాయంత్రాలు పోయాయి. ఒకరోజు ఇద్దరు బావమరుదులు చేతులదాకా వచ్చారు. చివరికి ఊటకు పైన పాత చెట్లు ఎవరూ నరక్కూడదని, బదులుగా ఆ మూడు కుటుంబాలకు మిరియం మొక్కలు పనుల జాబితాలో మొదట రాయాలని తేలింది. ఇందులో ఊరు చేయాల్సినదానికి రూపాయి ఖర్చు లేదు. కానీ మా ప్రణాళికలో అన్నిటికన్నా పెద్ద పని అదేనని మేం ఇప్పటికీ అనుకుంటాం.

గడ్చిరోలి జిల్లా మేంఢా-లేఖా గోండుల గురించి వినే ఉంటారు. అక్కడ గ్రామసభలో చేతులెత్తి లెక్కపెట్టరు, అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడతారు. దానికి ముందు విషయం నేర్చుకోవడానికి వేరే అధ్యయన బృందాలు కూర్చుంటాయి. 2009లో 1,800 హెక్టార్ల దాకా అడవి మీద సామూహిక హక్కు, 2011లో వెదురు అమ్ముకునే రవాణా పర్మిట్లు వాళ్ల చేతికి వచ్చాయి. ఓట్లు పెడితే ఒక్క సాయంత్రంలో తేలేదే అని విసుగు పుట్టినప్పుడల్లా మాకు వాళ్లే గుర్తొచ్చారు.

ఇక డబ్బు సంగతి. పంచాయతీ ప్రణాళిక అంటే ఆర్థిక సంఘం డబ్బు ఒక్కటే అనుకుంటాం. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ కట్టేసి ఉండేది, మిగతా 40 శాతమే ఊరు తన అవసరానికి తిప్పుకోగలిగేదిగా ఉండేది. ఒక పంచాయతీ కింద ఇన్ని ఊళ్లుంటే మన వాటాకు ఎంత వస్తుందో లెక్క వేసుకోవచ్చు. ఉపాధి పనుల జాబితా వేరే కాగితం, ఐటీడీఏ పనులు వేరే కాగితం, అటవీ శాఖ పటం వేరే. ఈ కాగితాలు ఒక బల్ల మీద ఎప్పుడూ కలవవు. కలపాల్సింది గ్రామసభే. మేం ఏడు పనులు రాసి, ఏ పని ఏ ఆఫీసుకు వెళ్లాలో పక్కనే రాశాం. ఊట చుట్టూ రాతికట్టు ఉపాధి పనిలోకి, గొట్టాలు పంచాయతీలోకి, మిరియం మొక్కలు, రోడ్డు ఐటీడీఏకు.

గొట్టం అడవి మీదుగా వెళ్లాలి, కుదరదు అని ఒకరు ఆపారు. అప్పుడు 2006 అటవీ హక్కుల చట్టంలో 3(2) సెక్షను చూపించాం. బడి, అంగన్‌వాడీ, తాగునీటి గొట్టాలు, రోడ్లు లాంటి 13 అవసరాలకు, ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, గ్రామసభ సిఫారసు చేస్తే ఇవ్వవచ్చు. చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ సెక్షను నంబరు జేబులో పెట్టుకోండి. మాకు గొట్టం పడింది. రాతికట్టు పడింది. మిరియం మొక్కలు సగమే వచ్చాయి. రోడ్డు రాలేదు. గెడ్డ దగ్గర డోలీ ఇంకా దిగుతూనే ఉంది. కుర్రవాళ్లు మా మీద కోపంగానే ఉన్నారు, వాళ్ల కోపంలో తప్పు లేదు.

ఇంకో సంగతి భాషది. 2004 తర్వాత కువి, కోయ, సవర, ఆదివాసీ ఒడియా సహా ఎనిమిది భాషల్లో మన పిల్లలకు వాచకాలు వచ్చాయి. పిల్లలకు వచ్చింది కానీ సభకు రాలేదు. సభ కువిలో నడుస్తుంది, పుస్తకం తెలుగులో నిండుతుంది, మధ్యలో ఏం జారిపోయిందో ఎవరికీ తెలియదు. అందుకని పదకొండో సాయంత్రం, వేలిముద్రలకు ముందు, రాసినదంతా ఒక్కో వాక్యం కువిలోకి మార్చి గట్టిగా చదివాం. ఏడు పనులూ అయ్యాయి. అందరూ తలలూపారు. అవ్వ ఊపలేదు.

"ఊట పైన చెట్లు నరకం అన్నాం కదా. అది చదవలేదేం?"

రాయలేదు మేం. పనుల పట్టికలో దానికి గడి లేదు, అంచనా ఖర్చు లేదు, శాఖ పేరు లేదు. అవ్వకు ఆ సంగతి చెప్పాం. ఆమె బొటనవేలు మూసుకుని కూర్చుంది. ఇక చేసేది లేక పేజీ అడుగున, గడుల బయట, ఆ మాట ఆమె చెప్పినట్టే రాసి మళ్లీ చదివాం. అప్పుడు ముద్ర వేసింది.

పంచాయతీ కేంద్రంలో కంప్యూటరు ముందు కూర్చున్నతను ఆ అడుగు వాక్యం చూసి, "ఇదేంటి మాస్టారూ, దీనికి కోడ్ ఏది?" అన్నాడు. కోడ్ లేదన్నాం. కంప్యూటరులోకి అది ఎక్కలేదు. పుస్తకంలో మాత్రం ఉంది, పేజీ చివర, నీలం సిరా వేలిముద్రల పైన.