ఐరోపా పట్టణములలో పదిరోజుల రైలు ప్రయాణము



ఐరోపా యాత్ర అనగానే మనలో చాలామందికి పారిస్‌లోని ఈఫిల్ టవరు, స్విట్జర్లాండు మంచుకొండలు గుర్తుకు వస్తాయి. అవి చూడదగినవే. అయితే సామాన్యుడు తన సొంత భాషలో వాక్యము చదువుకొనుటకు దారి వేసిన ఊళ్లు కూడా ఆ ఖండములోనే ఉన్నాయి. వాటిలో కొన్ని ఒకదానికొకటి గంట, అరగంట రైలు దూరములోనే ఉన్నాయి. మన తెలుగు భాషకు కూడా వాటిలో ఒక ఊరితో సంబంధము ఉన్నది. దేవుని కృపను బట్టి గత వేసవిలో నేను, నా భార్య, మా ఇద్దరు పిల్లలు ఆ ఊళ్లను రైలులో చూచి వచ్చాము. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో బయలుదేరి ఐసెనాఖ్, హాలె, లైప్‌జిగ్, విట్టెన్‌బర్గ్, బెర్లిన్, డ్రెస్డెన్ మీదుగా చెక్ దేశపు రాజధాని ప్రాగ్ చేరుకున్నాము.

ప్రయాణపు ఏర్పాట్లు

మా తమ్ముడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగము చేస్తున్నాడు. ఖర్చులో ఎక్కువ భాగము అతడే భరించాడు. లేనియెడల పల్లెటూరి పాస్టరుకు ఇది సాధ్యమయ్యే పని కాదు. వెళ్లగలిగిన వారి కొరకు నాలుగు మాటలు వ్రాస్తాను. జర్మనీ, చెక్ దేశములతో కలిపి 29 దేశములకు షెంగెన్ వీసా ఒక్కటే చాలును. దాని రుసుము 2024 జూన్ నుండి పెద్దలకు 90 యూరోలు. ప్రయాణ బీమా తప్పనిసరి. ఐరోపా వెలుపల నివసించే వారికి యూరైల్ అనే రైలు పాసు అమ్ముతారు. ఇది 1959 నుండి ఉన్నది. ఒక నెలలో ఐదు రోజులనో, ఏడు రోజులనో తీసుకుంటే, ఆ రోజులలో ఎన్ని రైళ్లయినా ఎక్కవచ్చును. పెద్దవారితో కలిసి వెళ్లే పన్నెండేళ్ల లోపు పిల్లలకు పాసు ఉచితము. ఫ్రాన్సు, ఇటలీ దేశముల వేగపు రైళ్లలో సీటు రిజర్వేషను తప్పనిసరి గాని, జర్మనీలో చాలావరకు అది లేకుండానే ఎక్కి, ఖాళీగా ఉన్న సీటులో కూర్చోవచ్చును.

తమ్ముడికి సెలవు దొరకలేదు. మమ్మును రైలెక్కిస్తూ, “అన్నయ్యా, ఎవరినీ అడగనక్కరలేదు, బోర్డు చూచుకుంటే చాలు” అన్నాడు. అతడన్నది నిజమే. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారము మీదికి వస్తుందో, మన బోగీ ఎక్కడ ఆగుతుందో అక్షరములతో చూపిస్తారు. స్టేషనులోనికి వెళ్లేటప్పుడు టికెట్టు అడిగేవారు లేరు, రైలులోనే తనిఖీ చేస్తారు. అలాగని అక్కడి రైళ్లన్నీ గడియారము ప్రకారము నడుస్తాయని తలంచవద్దు. 2024 సంవత్సరములో జర్మనీ దూరప్రయాణపు రైళ్లలో మూడింట ఒక వంతుకు పైగా ఆలస్యముగా నడిచాయి. కాబట్టి రైలు మారవలసి వచ్చినప్పుడు మధ్యలో కొంత ఎక్కువ సమయము ఉంచుకొనుట మేలు. మరుగుదొడ్డికి చిల్లర నాణెములు దగ్గర ఉంచుకోవాలి. నీళ్ల సీసా కొన్నప్పుడు 25 సెంట్లు అదనముగా తీసుకొని, ఖాళీ సీసా తిరిగి ఇస్తే ఆ డబ్బు వాపసు ఇస్తారు. మా పిల్లలకు ఈ పని ఎంతో ఇష్టమైనది.

ఐసెనాఖ్: కొండమీది కోట

ఫ్రాంక్‌ఫర్ట్ నుండి రెండు గంటల లోపే ఐసెనాఖ్ చేరాము. దారిలో రైలు ఎక్కడా ఆగకుండా దాటిన ఒక చోట, 1989 వరకు ముళ్లకంచె, కావలి బురుజులు ఉండేవి. అది అప్పటి పశ్చిమ జర్మనీకి, తూర్పు జర్మనీకి మధ్య సరిహద్దు. ఈనాడు కిటికీలోనుండి చూస్తే పచ్చిక బయళ్లు, గోధుమ చేలు తప్ప మరేమీ కనబడవు.

ఊరిపైన కొండమీద వార్ట్‌బుర్గ్ కోట ఉన్నది. 1521 మే నెల నుండి 1522 మార్చి వరకు మార్టిన్ లూథర్ గారు ఇక్కడ మారుపేరుతో దాగి ఉన్నారు. ఆ కాలములోనే సుమారు పదకొండు వారములలో క్రొత్త నిబంధనను గ్రీకు నుండి జర్మను భాషలోనికి తర్జుమా చేశారు. ఆయన కూర్చున్న గది మన పల్లెలోని ఒక మామూలు గది కంటె పెద్దది కాదు. లూథర్ గారు బాలుడిగా ఇదే ఊరిలో చదువుకుంటూ, ఇంటింటి ముందు పాటలు పాడి రొట్టె సంపాదించుకునేవారు. ఆయన తరువాత రెండు వందల సంవత్సరములకు దగ్గరగా, 1685లో, సంగీత విద్వాంసుడు బాఖ్ గారు ఈ ఊరిలోనే జన్మించారు.

హాలె: మన తెలుగు అక్షరములు

మా ప్రయాణములో నేను ఎక్కువసేపు నిలిచిపోయిన స్థలము హాలె. 1695లో ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే అనే పాస్టరు గారికి కానుకపెట్టెలో 4 థాలర్లు, 16 గ్రోషెన్లు దొరికాయి. ఆ చిన్న మొత్తముతో ఆయన బీదపిల్లల బడి ప్రారంభించారు. అది అనాథశాలగా, పాఠశాలలుగా, ముద్రణాలయముగా పెరిగి ఒక చిన్న పట్టణమంత అయినది. 1710లో అతి తక్కువ వెలకు బైబిళ్లు అచ్చువేసే సంస్థ కూడా అక్కడ ఏర్పడింది. అనాథశాల భవనము పైభాగమున సూర్యునివైపు ఎగిరే పక్షిరాజులు, యెషయా గ్రంథము 40వ అధ్యాయము 31వ వచనము ఈనాటికీ కనబడతాయి.

1706 జూలై 9వ తేదీన తమిళ తీరములోని తరంగంబాడిలో దిగిన జీగెన్‌బల్గ్ గారు హాలెలో చదువుకున్నవారే. ఆయన తరువాత 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ గారు 1743 వరకు మద్రాసులో పనిచేశారు. మద్రాసులో తెలుగు మాటలాడే ప్రజలను చూచి ఆయన మన భాష నేర్చుకున్నారు, వ్యాకరణము వ్రాశారు, బైబిలును తెలుగులోనికి తర్జుమా చేశారు. ఆరోగ్యము చెడి హాలెకు తిరిగి వెళ్లిన తరువాత కూడా ఆయన తెలుగును విడువలేదు. 1746, 1747 సంవత్సరములలో చిన్న తెలుగు పుస్తకములను అక్కడనే అచ్చువేయించారు. వాటిలో ఒకటి కేటికిజము. తెలుగు లిపిలో అచ్చయిన తొలి పుస్తకములు ఇవేనని చెబుతారు.

ఆయన చేసిన బైబిలు తర్జుమా మాత్రము అచ్చుకు నోచుకోలేదు. 1760లో ఆయన హాలెలోనే కన్నుమూశారు. ఆ తరువాత ఏబది ఏండ్లకు, 1812లో, విశాఖపట్నములో డీగ్రాంజెస్ గారు, ఆనందరాయరు గారు కలిసి తర్జుమా చేసిన మూడు సువార్తలు సేరంపూరులో అచ్చయ్యాయి. ఒకరు విత్తిన చోట వేరొకరు కోశారు.

“మన అక్షరాలు మన దేశములో కాక ఇక్కడ ముందు అచ్చయ్యాయా నాన్నా?” అని మా అమ్మాయి ఆశ్చర్యపోయింది. మంచు కురిసే ఆ ఊరిలో తెలుగు చదవగలవారు షుల్జ్ గారు తప్ప ఎందరుండి ఉంటారు? సముద్రములు దాటి ఏ ఇంటికి చేరునో తెలియకుండానే, ఆయన ఆ అక్షరములను పేర్పించి అచ్చువేయించారు.

లైప్‌జిగ్, విట్టెన్‌బర్గ్

హాలె నుండి అరగంటలో లైప్‌జిగ్. అక్కడి నికోలాయ్ చర్చి లోపలి స్తంభములు పైన ఖర్జూరపు మట్టల వలె విచ్చుకొని ఉంటాయి. 1982 నుండి అక్కడ ప్రతి సోమవారము సమాధానము కొరకు ప్రార్థన జరిగేది. ప్రభుత్వము ఎంత బెదిరించినా అది ఆగలేదు. 1989 అక్టోబరు 9న ప్రార్థన ముగిసిన తరువాత సుమారు 70,000 మంది కొవ్వొత్తులు పట్టుకొని వీధులలో నడిచారు. ఆయుధములతో సిద్ధముగా ఉన్న బలగములు కాల్పులు జరపలేదు. కొవ్వొత్తిని ఒక చేత పట్టుకొని, ఆరిపోకుండా రెండవ చేయి అడ్డము పెట్టినవాడికి రాయి విసరుటకు చేయి మిగలదు గదా! సరిగ్గా నెలకు, నవంబరు 9న బెర్లిన్ గోడ తెరచుకున్నది.

విట్టెన్‌బర్గ్ ఎల్బె నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. 1517 అక్టోబరు 31న లూథర్ గారు 95 వాదములను ప్రకటించిన ఊరు ఇదే. కోట చర్చికి అప్పుడున్న కొయ్య తలుపు 1760లో మంటలలో కాలిపోయింది. ఇప్పుడున్నది 1858లో పెట్టిన కంచు తలుపు. ఆ 95 వాదములు దానిమీద పోతపోసి ఉన్నాయి. లోపల లూథర్ గారి సమాధి, ఆయన స్నేహితుడు మెలంక్తన్ గారి సమాధి ఉన్నాయి. లూథర్ గారు ప్రసంగించిన ఊరి చర్చి గోడమీద యూదులను అవమానపరచే పాత శిల్పము ఒకటి నేటికీ ఉన్నది. దాని క్రింద నేలమీద 1988లో ఒక స్మారక ఫలకము ఉంచారు. సంఘచరిత్రలో సిగ్గుపడవలసిన సంగతి కూడా ఉన్నదని పిల్లలకు అక్కడే చెప్పాను.

ఖాళీ బల్లలు

ఆ ప్రాంతములోనే ఒక చిన్న ఊరిలో ఆదివారపు ఆరాధనకు వెళ్లాము. మూడు వందల మంది పట్టే మందిరములో ముప్పైమంది లేరు. ఉన్నవారిలో ఎక్కువమందివి నెరసిన తలలే. భాష మాకు తెలియదు గాని ఒక కీర్తన రాగము మొదలుకాగానే పిల్లలు నావైపు చూచారు. అది మన కీర్తనల పుస్తకములో ఉన్న లూథర్ గారి కీర్తన రాగమే! వారు జర్మనులో పాడుతుండగా మేము నలుగురము తెలుగులో పాడాము. ఆరాధన తరువాత ఒక వృద్ధురాలు వచ్చి, తనకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో, “మీ సండేస్కూలులో ఎంతమంది పిల్లలు?” అని మా అమ్మాయిని అడిగింది. “నలభైమంది” అని చెప్పగానే ఆమె కన్నులు చెమర్చాయి. పిల్ల చేతిని చాలాసేపు విడువలేదు.

విట్టెన్‌బర్గ్, హాలె ఉన్న ఆ రాష్ట్రములో ఈనాడు పదిమందిలో ఇద్దరు కూడా సంఘ సభ్యులు కారు. ఇది ఒక్కరోజులో జరగలేదు. 1949 నుండి 1990 వరకు ఉన్న తూర్పు జర్మనీ ప్రభుత్వము మందిరములను పూర్తిగా మూయలేదు. కాని 1954 నుండి కన్ఫర్మేషనుకు బదులుగా యువతకు వేరొక వేడుక ఏర్పరచి, దానికి రమ్మని ఒత్తిడి చేసింది. సంఘములో స్థిరముగా ఉన్న కుటుంబముల పిల్లలలో అనేకులకు పైచదువులు అందలేదు. పిల్లల భవిష్యత్తు కొరకు భయపడి తలిదండ్రులు మౌనము వహించారు. ఆ పిల్లలు పెద్దవారై తమ పిల్లలకు చెప్పుటకు వారికేమీ మిగలలేదు. గోడ పడిపోయి స్వేచ్ఛ వచ్చినా బల్లలు మరల నిండలేదు. చుట్టుప్రక్కల పశ్చిమ దేశములలో ఏ బలవంతము లేకుండానే సంఘములు తగ్గిపోతున్నవి గనుక, ఇదంతా ప్రభుత్వపు తప్పేనని అనుకొనుటకు కూడా వీలులేదు.

బెర్లిన్‌లో మట్టి గోడల మందిరము

విట్టెన్‌బర్గ్ నుండి వేగపు రైలులో బెర్లిన్‌కు గంట కూడా పట్టదు. అక్కడ బెర్నవర్ వీధిలో 1894లో కట్టిన సమాధానపు మందిరము ఒకటి ఉండేది. బెర్లిన్ గోడ కట్టినప్పుడు అది రెండు గోడల మధ్యనున్న నిషేధిత స్థలములో చిక్కుకున్నది. 1985 జనవరిలో దానిని పేల్చివేశారు. 2000 సంవత్సరములో అదే చోట, పాత మందిరపు రాళ్లముక్కలు కలిపిన మట్టిని దిమ్మిసకొట్టి, గుండ్రని చిన్న మందిరము కట్టారు. “ఏమండీ, మన తాతల నాటి మట్టిగోడలే గదా!” అని నా భార్య గోడను తడిమి చూచింది. చుట్టూ, ఒకప్పుడు పారిపోయేవారిని కాల్చిన ఆ నేలమీద, గోధుమను పోలిన రై అనే ధాన్యము పండిస్తున్నారు. మహానగరము మధ్యలో కంకులు గాలికి ఊగుతున్నాయి. రైతుబిడ్డనైన నాకు ఆ చేను ఏ రాజభవనము కంటెను అందముగా కనబడినది.

డ్రెస్డెన్, ప్రాగ్

బెర్లిన్ నుండి రెండు గంటల ప్రయాణము డ్రెస్డెన్. 1945 ఫిబ్రవరి బాంబుదాడిలో కాలి కూలిన అక్కడి ఫ్రావెన్ చర్చిని తిరిగి కట్టి 2005 అక్టోబరు 30న ప్రతిష్ఠించారు. పాత నల్లని రాళ్లను క్రొత్త రాళ్ల మధ్య పేర్చారు. దాని శిఖరము మీది సిలువను చేసినవాడు లండను స్వర్ణకారుడు, ఆ దాడిలో పాల్గొన్న ఒక విమాన సిబ్బంది కుమారుడు.

అక్కడినుండి రైలు ఎల్బె నది ప్రక్కనే, ఎత్తైన రాతికొండల నడుమ సాగుతుంది. అంత అందమైన దారి మా ప్రయాణములో మరొకటి లేదు. ప్రాగ్‌లోని బేత్లెహేము మందిరములో 1402 నుండి యాన్ హుస్ గారు ప్రజల భాషయైన చెక్‌లో ప్రసంగించారు. 1415 జూలై 6న ఆయనను సజీవముగా దహించారు. అది లూథర్ గారి కాలమునకు నూరేండ్లు ముందు. ఇప్పుడున్న మందిరము 1950లలో తిరిగి కట్టినది.

మన ఇంటిలో

ప్రియులారా, మనలో అందరికీ ఐరోపా వెళ్లే స్తోమత ఉండదు, ఉండనక్కరలేదు. చెన్నై మీదుగా మయిలాడుదురై వరకు రైలులో వెళితే, తరంగంబాడిలో 1718లో జీగెన్‌బల్గ్ గారు కట్టించిన మందిరమును, అందులో ఆయన సమాధిని మీ పిల్లలకు చూపించవచ్చును.

కాని ఆ వృద్ధురాలి కన్నీళ్లు మనకు నేర్పేది వేరు. విట్టెన్‌బర్గ్ తలుపులను, హాలె భవనములను అక్కడివారు ఎంతో శ్రద్ధగా కాపాడుతున్నారు. రాతిని డబ్బుతో బాగుచేయవచ్చును, ఇంటిలో ఆగిపోయిన ప్రార్థనను డబ్బుతో తిరిగి తేలేము. మన ఊళ్లలో ఈనాడు మందిరములు పెద్దవవుతున్నాయి, స్లాబులు పడుతున్నాయి, మైకులు మోగుతున్నాయి. ఈ రాత్రి భోజనము తరువాత పుస్తకము తెరిచి, పిల్లవానిచేత ఒక్క అధ్యాయము తెలుగులో చదివించండి. మన పిల్లలలో అనేకులకు ఇప్పుడు తెలుగు చదువుటే కష్టముగా ఉన్నది. తెలుగువాడు కాని ఒక మనిషి ఎక్కడో దూరదేశములో కూర్చుండి మన కొరకు పేర్పించిన అక్షరములను, వాటితో కూడ వచ్చిన వాక్యమును, మన ఇంటిలోనే పోగొట్టుకొనకుందుము గాక.