మెడ నొప్పి అని రాసిన చీటీలు

ప్లాస్టిక్ సర్జరీ విభాగం అంటే కాలిన గాయాలు, గ్రహణం మొర్రి, ప్రమాదాల్లో తెగిన వేళ్ళు. మా ఎడిటర్‌గారు నన్ను పంపింది కాలిన గాయాల వార్డు గురించి రాయమని. కోస్తాలో ఒక పాత ప్రభుత్వ బోధనాసుపత్రి అది. ఆ కథనం వేరేగా వస్తుంది. ఓపీ గదిలో ఆకుపచ్చ తెర వెనక, ప్రొఫెసరుగారి పక్కన కూర్చున్నప్పుడు చూసింది ముందు రాయాలనిపించింది. లోపలికొచ్చిన ప్రతి ఆడమనిషినీ డాక్టరుగారే అడిగారు: "ఈవిడ పత్రికలో రాస్తారమ్మా. నీ పేరు రాయరు. ఉండమంటావా, బయటికి పంపనా?" వద్దన్నప్పుడు లేచి వచ్చేశాను.

పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక అంగన్‌వాడీ ఆయమ్మ ఉండమంది. నలభై దాటింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాని నిండా పాత చీటీలు. డాక్టరుగారు ఒక్కోటీ విప్పి బల్ల మీద పరిచారు. ఎముకల డాక్టరు రాసినవి, ఊళ్ళో ఆర్‌ఎంపీ రాసినవి, చర్మం డాక్టరు రాసినవి. మెడ నొప్పి, భుజాల నొప్పి, మళ్ళీ మెడ నొప్పి. నొప్పి మాత్రలు, క్యాల్షియం, మెడకి పట్టీ, ఎక్స్‌రేలు. అన్ని చీటీల్లోనూ ఎక్కడా రొమ్ముల ప్రస్తావన లేదు. "మరి చెప్పలేదా తల్లీ, ఛాతీ బరువుగా ఉందని?" అని అడిగితే ఆమె తల దించుకుంది. "మగ డాక్టరుగారికి ఎట్టా చెప్పేది మేడం? ఆయనా అడగలా."

డాక్టరుగారు రెండు చేతులూ రుద్దుకుని వెచ్చబరుచుకున్నాకే ఆమెను తాకారు. ముందు చూసింది భుజాలు. జాకెట్టు కొంచెం జరిపితే, లోపలి బాడీ పట్టీ ఉండేచోట చర్మం నల్లబడి, గట్టిపడి, లోతుగా గాడి పడి ఉంది. ఆ గాడిలో ఆవిడ బొటనవేలు పెడితే గోరు మునిగింది. వేలు అక్కడే ఉంచి, పక్కనున్న పీజీ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆ గాడి మీద పెట్టించారు. "చూడు. ఇది ఫొటోలో తెలీదు." తర్వాత రొమ్ము కింది మడత. చెమటకి పాసిపోయి ఎర్రగా, తడిగా ఉంది. ఒరుపు తగలకుండా ఆయమ్మ పాత నూలుచీర ముక్క మడిచి పెట్టుకుంది. అది బయటికి తీయడానికి ఆమె పడ్డ సిగ్గు చూడలేకపోయాను. డాక్టరుగారు ఆ ముక్కను ఆమె చేతిలోంచి తీసుకుని, "నూలు గుడ్డ పెట్టి మంచిపని చేశావు, లేకపోతే పుండు పడేది" అన్నారు.

టేపు తీశారు. దర్జీ దుకాణంలో ఉండేలాంటి టేపే, మొదటి అంకెలు అరిగిపోయాయి. గొంతు కింది పల్లం నుంచి చనుమొన దాకా పెట్టి కొలిచారు. 34 సెంటీమీటర్లు. మామూలుగా 21 దరిదాపుల్లో ఉంటుందట. ఆ తర్వాత చేసిన పని కోసమే నేను ఈ వ్యాసం రాస్తున్నాను. డాక్టరుగారు లేచి ఆమె వెనక్కి వెళ్ళి, రెండు అరచేతులతో ఆ బరువునంతా కిందనుంచి పైకెత్తి పట్టుకున్నారు. "ఊపిరి వదిలెయ్యి. తొందరేం లేదు. ఇప్పుడు మెడ ఎలా ఉంది?" ఆయమ్మ చాలాసేపు మాట్లాడలేదు. భుజాలు కిందికి జారాయి. "నెత్తిమీంచి గంప దించినట్టుంది మేడం" అంది.

అంతటితో రొమ్ముల బరువు తగ్గించే ఆపరేషన్ ఖాయం అనుకోకూడదు. ప్రశ్నలు అప్పుడే మొదలయ్యాయి. ఎన్నేళ్ళ నుంచి? ఈమధ్య ఒళ్ళు పెరిగాక వచ్చిందా, ముందునుంచీ ఉందా? రాత్రి చేతివేళ్ళు తిమ్మిరెక్కుతాయా? షుగరు, థైరాయిడ్ చూపించుకున్నావా? ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సరు వచ్చిందా? ఇంకా పిల్లలు కావాలా? ఏ పని చేయలేకపోతున్నావు? లోపల ఏ సైజు వేసుకుంటున్నావు? ఆఖరి ప్రశ్నకి ఆమె చెప్పిన జవాబు నా చెవిలో ఉండిపోయింది. చుట్టూ సరిపోయేది దొరుకుతుందిగానీ కప్పు సరిపోయేది వాళ్ళ టౌనులో దొరకదు. అందుకని ఒకదాని మీద ఒకటి రెండు వేసుకుంటుంది. పల్నాటి ఎండలో.

ఆ తర్వాత వచ్చినామెకి డాక్టరుగారు కాదని చెప్పారు. ఆమెదీ మెడ నొప్పే, ఛాతీ కూడా పెద్దదే. ఎక్కడో చదివి, ఆపరేషన్ చేయించుకుంటే పోతుందని నమ్మి వచ్చింది. బరువు ఎత్తి పట్టుకున్నా నొప్పిలో తేడా లేదు. దగ్గితే కుడి చేతిలోకి కరెంటులా పాకుతుందంది, ఆ చేతి పట్టూ తగ్గింది. "ఇది మెడపూసల్లోంచి వస్తోందమ్మా. కోసి బరువు తీసినా నీ నొప్పి నీకే ఉంటుంది" అని న్యూరో సర్జరీకి పంపారు.

తల్లితో కలిసి వచ్చిన డిగ్రీ అమ్మాయికి అవుననీ కాదనీ చెప్పలేదు. తల్లి మాటలన్నీ పెళ్ళి సంబంధాల చుట్టూ తిరుగుతున్నాయి. అమ్మాయిని విడిగా అడిగితే, కబడ్డీ మానేశానని, కాలేజీలో మెట్లు దిగేటప్పుడు పుస్తకాలు గుండెలకి అదిమి పట్టుకుంటానని చెప్పింది. కిందటేడాది జాకెట్లు ఈ ఏడాది పట్టడంలేదు. ఇంకా పెరుగుతోందన్నమాట. పెరుగుదల ఆగకముందే కోస్తే మళ్ళీ పెరగొచ్చు, రెండోసారి కత్తి కిందికి వెళ్ళాల్సి రావచ్చు. సైజు నిలకడగా ఏడాది ఉన్నాక రమ్మన్నారు. ఈలోగా మరీ వేగంగా పెరిగితే ఆగకుండా రమ్మన్నారు. తల్లి బయటికి వెళ్తూ ఏదో గొణిగింది. అమ్మాయి మాత్రం వెనక్కి తిరిగి దణ్ణం పెట్టింది. తన మాట విడిగా అడిగినందుకేమో.

మధ్యాహ్నం వరండాలో ఒకాయన జూనియర్ డాక్టరుతో గట్టిగా మాట్లాడుతున్నాడు. భార్య బ్యాంకులో పనిచేస్తుంది. ఏళ్ళ తరబడి ప్రీమియం కట్టారు. ప్రైవేటు ఆసుపత్రిలో ఈ ఆపరేషన్‌కే అనుమతి అడిగితే బీమా కంపెనీ ఒక్క ముక్కలో తిరగ్గొట్టింది: సౌందర్య చికిత్స, పాలసీ వర్తించదు. "మా ఆవిడ అందం కోసం వచ్చిందాండీ? రాత్రి పక్క మీద అటూ ఇటూ తిరగలేక ఏడుస్తుంది" అంటున్నాడు.

ఆయన కోపం న్యాయమైనది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో మినహాయింపులకి ఒకే భాష ఖరారు చేసింది. రూపం మార్చే చికిత్సకి డబ్బు రాదన్నది నిజమే. కానీ అదే వాక్యంలో మినహాయింపుకి మినహాయింపు కూడా ఉంది. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సరు తర్వాత చేసే పునర్నిర్మాణానికి వస్తుంది. ఆరోగ్యానికి నేరుగా, తక్షణంగా ఉన్న ముప్పును తొలగించడానికి అవసరమైన వైద్యమైతే వస్తుంది, అది అవసరమని చికిత్స చేసే డాక్టరు ధ్రువీకరించాలి. ఇక్కడే ఈ ఆడవాళ్ళు చిక్కుకుపోతున్నారు. పదేళ్ళుగా మెడ మీద కూర్చున్న బరువు 'తక్షణ' ముప్పు కాదని కంపెనీ అనేస్తుంది. గుండెపోటులా ఒక్క రాత్రిలో రాని బాధ ఆ నిబంధనలో ఎక్కడా ఇమడదు. ఆ మాట మార్చాలి. రోజూ కొంచెం కొంచెంగా మనిషిని వంచేసేది కూడా ఆరోగ్యానికి ముప్పేనని రాయాలి.

అమెరికాలో ఇంకో తంటా. ఒంటి ఉపరితల విస్తీర్ణాన్ని బట్టి, ఒక్కో వైపు ఎన్ని గ్రాములు తీస్తే అది అవసరమైన వైద్యమో ఒక పట్టిక ఉంది. 1991లో పాల్ ష్నూర్ అనే సర్జన్ తోటి సర్జన్లను అడిగి తయారుచేసినది. అక్కడి బీమా కంపెనీలు చాలావరకు దాన్నే పట్టుకున్నాయి. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన ఆడపిల్లలకీ అదే కొలబద్ద. పీజీ అమ్మాయి ఫోనులో లెక్క వేసి చూపించింది. ఆయమ్మ ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు, విస్తీర్ణం సుమారు 1.7 చదరపు మీటర్లు. పట్టిక ప్రకారం ఒక్కో వైపు 370 గ్రాములు. 160 సెంటీమీటర్ల ఎత్తు, 90 కిలోల బరువు ఉన్నామెకైతే విస్తీర్ణం 2.0, అప్పుడు 628 గ్రాములు కావాలి. 500 గ్రాములు తీస్తే ఆయమ్మది రోగం, రెండో ఆమెది సోకు. నొప్పి ఇద్దరిదీ ఒకటే అయినా!

ఆ అమెరికాలోనే ప్లాస్టిక్ సర్జన్ కరోలిన్ కెరిగన్, ఆమె బృందం ఏది అవసరమైన వైద్యమన్న ఇదే ప్రశ్నను ఆడవాళ్ళనే అడిగి తేల్చారు. 2002లో వచ్చిన వాళ్ళ పరిశోధన గ్రాములను పక్కన పెట్టింది. మెడ, భుజాలు, వీపు పైభాగం, చేతులు నొప్పి పెట్టడం, పట్టీల గాడులు, మడతల్లో దద్దుర్లు, తిమ్మిరి: ఈ ఏడింటిలో కనీసం రెండు ఎప్పుడూ లేదా చాలాసార్లు ఉంటే అది వైద్య అవసరమేనంది. బరువు తగ్గడం, వ్యాయామం, ప్రత్యేకమైన బ్రాలు, మందులు శాశ్వతమైన ఉపశమనం ఇవ్వలేదనీ తేల్చింది. ఇది చదివాక కూడా "ముందు ఒళ్ళు తగ్గించుకో" అని పంపేసేవాళ్ళను నేను క్షమించలేను. ఛాతీ పట్టుకోకుండా నాలుగడుగులు వేగంగా వేయలేని మనిషిని పరుగెత్తమంటే ఎలా?

డాక్టరుగారు కేస్‌షీటు రాయించే పద్ధతి నేర్చుకోదగ్గది. పీజీ అమ్మాయి ఇంగ్లీషులో జబ్బు పేరొకటి రాసి వదిలేస్తే కొట్టేయించారు. ఎన్నేళ్ళు ఏ మాత్రలు వాడింది, పొడి ఎన్నాళ్ళు చల్లుకుంది, గాడి లోతెంత, టేపు ఏం చెప్పింది, ఎత్తి పట్టుకుంటే ఏమైంది, ఇవన్నీ రాయించారు. కేంద్రంలో పిల్లల అన్నం గిన్నె పొయ్యి మీంచి దించలేకపోతున్నానని ఆయమ్మ చెప్పిన మాట కూడా. చీటీలు పారేయబోతే ఆపారు. "అవి నీకు సాక్ష్యం. ఏమీ ప్రయత్నించకుండా కోతకి వచ్చావని రేపెవరూ అనకూడదు." ఇలా రాయడం ఏ పాఠ్యపుస్తకంలోనూ పెద్దగా ఉండదు, ఈ బల్ల దగ్గరే నేర్చుకోవాలి. ఇంకో రెండేళ్ళలో ఆవిడ రిటైరవుతారు. ఎముకల ఓపీలో మెడ నొప్పితో వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఛాతీ బరువు గురించి ఒక్క ప్రశ్న అడగాలన్న నియమం ఉంటే చాలు, ఎన్నో ఏళ్ళ మాత్రలు మిగులుతాయి. అడగలేని మగ డాక్టరు ఉంటే, అడగగల నర్సును కూర్చోబెట్టాలి.

ఆపరేషన్ గురించి డాక్టరుగారు ఏదీ దాచలేదు. తెల్లకాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. చనుమొనకి రక్తం అందించే భాగాన్ని నిలిపి, చుట్టూ అదనంగా ఉన్నది తీసి, మొనను పైకి జరుపుతారు. లంగరు ఆకారంలో మచ్చ జీవితాంతం ఉంటుంది. కుట్లు కలిసే చోట మానడం ఆలస్యం కావచ్చు. స్పర్శ తగ్గొచ్చు. అరుదుగా మొన దెబ్బతినొచ్చు. తర్వాత పిల్లలు పుడితే పాలు చాలకపోవచ్చు. తీసిన భాగాన్ని క్యాన్సరు ఉందేమో చూడ్డానికి పరీక్షకి పంపుతారు. ఆయమ్మ ఒక్క ప్రశ్నే అడిగింది: "ఎన్నాళ్ళు బరువులెత్తకూడదు?" కొన్ని వారాలంటే, ఇంట్లో నీళ్ళు ఎవరు మోస్తారా అని లెక్క వేసుకుంటోంది. ఇక్కడ ఆపరేషన్‌కి డబ్బు కట్టక్కర్లేదు, కానీ కాలినవాళ్ళు, ప్రమాదాలు వస్తే వంతు వెనక్కి పోతుందని కూడా ముందే చెప్పారు.

ఆమెకి చేయాలనే డాక్టరుగారు నిర్ణయించారు. అయితే ముందు మామోగ్రాం. షుగరు ఎక్కువగా ఉంది. మూడు నెలల సగటు దారికొచ్చాకే తేదీ ఇస్తామన్నారు. మడతలకి రాసుకునే మందు, ఆపరేషన్ దాకా మెడకి చేయాల్సిన వ్యాయామాలు రాసిచ్చారు. "ఫిజియోథెరపీ కింద మూడో గది. ఒంటిగంటకి మూసేస్తారు, ముందు అక్కడికి పోమ్మా" అని, తర్వాతి చీటీ అందుకున్నారు.