సీటు గొట్టంలో నీళ్ళు

ఆ ఫ్రేము చూసినవాళ్ళంతా రంగు చూసి మురిసిపోయారు. ముదురు నీలం, ఇంకా తళతళలాడుతోంది. ముప్పై ఏళ్ళ కిందటిదంటే నమ్మరు. సీటు కింది గొట్టం మీద జపాన్ టాంగే కంపెనీ స్టిక్కరు చెక్కుచెదరలేదు. సన్నీవేల్‌లో మా పక్క వీధిలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ గరాజ్ సేల్ పెడితే అరవై డాలర్లకు తెచ్చాను. నా అనుమానమల్లా సీటుపోస్టు మీదే. బోల్టు పూర్తిగా వదులు చేసినా అది పైకి రాలేదు, కిందికి పోలేదు, కనీసం తిరగనైనా తిరగలేదు.

అప్పటికి కొన్నేళ్ళుగా ఈ పిచ్చి ఉంది నాకు. అల్యూమినియం వచ్చి ఊడ్చెయ్యకముందు, 1980ల్లోనూ 90ల మొదట్లోనూ తయారైన ఉక్కు మౌంటెన్ బైకులంటే ప్రాణం. మిత్రులు చూసి, “పేరులోనే క్రోమ్ ఉందిగా, క్రోమోలీకి తుప్పేంటి?” అంటుంటారు. క్రోమోలీ అని పిలిచే ఈ 4130 రకం ఉక్కులో ఉండే క్రోమియం ఒక్క శాతం దగ్గర. స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే పదిన్నర శాతమైనా ఉండాలి. పైగా బరువు తగ్గాలని గొట్టం చివర్లు మందంగా, నడుమ పల్చగా లాగుతారు. చాలా ఫ్రేముల్లో ఆ నడుమ మందం 0.6 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. బయట పట్టిన తుప్పు కంటికి కనపడుతుంది, రుద్ది పారేస్తాం. లోపల పట్టింది మాత్రం ఏదో ఒకనాడు గొట్టం చిల్లు పడ్డాకే బయటపడుతుంది.

2016 వేసవిలో నాన్న కాకినాడ నుంచి వచ్చారు. గరాజ్‌లో అడుగు పెట్టి, గోడకు వేలాడుతున్న ఫ్రేముల్ని ఎగాదిగా చూశారు.

“ఏరా, జీతం చాలట్లేదా? పాత ఇనుము వ్యాపారం పెట్టావా?”

అన్నారే గానీ మర్నాడు పొద్దున్న కాఫీ కాగానే స్టూలు లాక్కుని ఆ నీలం ఫ్రేము ముందు కూర్చున్నారు. ముప్పై ఏళ్ళు హెర్క్యులిస్ సైకిల్ మీద ఆఫీసుకెళ్ళిన మనిషి. సముద్రపు గాలి సైకిల్‌ను ఎలా తినేస్తుందో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. స్క్రూడ్రైవర్ పిడితో గొట్టం పొడుగునా కొట్టుకుంటూ వచ్చారు. పైగొట్టం ఖంగుమంది. సీటు గొట్టం అడుగుకొచ్చేసరికి మోత మొద్దుబారింది. “ఇక్కడ ఏదో ఉందిరా,” అన్నారు.

ముందు క్రాంకు ఊడదీసి, బీబీ, అంటే పెడళ్ళ ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్, కప్పులు విప్పాను. కుడివైపు కప్పుకు మర తిరగేసి ఉంటుంది, మన సైకిళ్ళకూ అంతే. అది వదులవగానే డికాషన్ రంగు నీళ్ళు నాన్న పంచె మీద పడ్డాయి. ఆ వెనకే ఎర్రటి పొడి, రేకులు రేకులుగా.

నీళ్ళు ఎక్కడివంటే, దారి సీటు దగ్గరే ఉంది. సీటుపోస్టు బిగుసుకోవడానికి గొట్టానికి వెనకవైపు చీలిక పెడతారు. వానలో వెనక చక్రం బురదనీళ్ళను సరిగ్గా ఆ చీలికలోకే చిమ్ముతుంది. అతుకులు పెట్టేటప్పుడు వేడిగాలి పోవడానికి వదిలిన సన్నటి బెజ్జాలు కొన్ని ఉంటాయి, వాటిలోంచీ దిగుతుంది. దిగిందంతా బీబీ దగ్గర చేరుతుంది. అక్కడ అడుగున ఒక చిన్న చిల్లు ఉంటే కారిపోయేది. ఈ ఫ్రేముకు అది లేదు. అంత నేర్పుగా అతుకులు పెట్టినవాళ్ళు ఆ ఒక్క చిల్లు ఎందుకు వదలలేదో అని ఇప్పటికీ విసుక్కుంటాను.

ఇక సీటుపోస్టు. అది అల్యూమినియం, గొట్టం ఉక్కు. రెంటి మధ్య ఉప్పునీటి తడి చేరితే అరిగేది అల్యూమినియమే. ఆ అరుగుదలలో పుట్టే తెల్లపొడి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమించి, పోస్టును గొట్టానికి బిగించేస్తుంది. ఫ్రేమును తలకిందులు చేసి, బీబీ వైపు నుంచి నూనె పోసి రోజుల తరబడి ఉంచాను. పోస్టు తలను వైస్‌లో బిగించి, ఫ్రేమునే పిడిగా పట్టుకుని ఇద్దరం తిప్పాం. ఊహూఁ. కాస్టిక్ సోడా పోస్తే అల్యూమినియం కరుగుతుంది గానీ, హైడ్రోజన్ పొంగుతుంది, రంగు పోతుంది. అందుకని పోస్టు తల కోసేసి, హాక్సా బ్లేడుకు ఒక చివర గుడ్డ చుట్టి, బోలు పోస్టు లోపల నిలువుగా కోయడం మొదలుపెట్టాను. నాలుగు తోపులకోసారి బ్లేడు బయటికి తీసి పొడి రంగు చూడాలి. వెండిలా మెరిస్తే ఇంకా అల్యూమినియంలోనే ఉన్నాం. సున్నంలా తెల్లబడితే ఆగాలి, దాని వెనకే ఉక్కు. నాన్న టార్చి పట్టుకుని, “తెలుపు... తెలుపొచ్చింది, ఆపు,” అంటూ కాపలా కాశారు. రెండు చోట్ల కోశాక మధ్య ముక్కను ప్లయర్‌తో లోపలికి మడిచి లాగితే వచ్చేసింది. మిగతాది దానంతటదే వదులైంది.

లోపలి తుప్పుకు ఆక్సాలిక్ ఆసిడ్ వాడాను. చుక్కకూర పులుపులో ఉండేదే, కాకపోతే ఇది విషమంత గాఢం. చేతులకు తొడుగులు లేకుండా ముట్టకూడదు. ఇక్కడ చెక్క మరకలు పోగొట్టే పొడిగా దొరుకుతుంది. స్టిక్కర్లు పాడవుతాయని ఫ్రేమంతా ముంచలేదు. బెజ్జాలకు రబ్బరు బిరడాలు కొట్టి గొట్టాల్లో మాత్రమే పోశాను. ఎక్కువసేపు వదిలేస్తే ఉక్కు మీద పసుపుపచ్చటి పొర కడుతుంది, అందుకని మధ్యమధ్యలో వంచి చూడాలి. పారబోశాక వంటసోడా నీళ్ళతో కడిగి, వెంటనే హెయిర్ డ్రయర్ పెట్టాను. ఆలస్యం చేస్తే ఆరేలోపే కొత్త తుప్పు పొడచూపుతుంది. టార్చి వేసి చూస్తే లోపలంతా బూడిదరంగు, అక్కడక్కడా గుంటలు. మొనతో పొడిచినా ఎక్కడా దిగలేదు. ఫ్రేము బతికింది.

తర్వాత లోపల పూత. అమెరికాలో ఇందుకు ఫ్రేమ్ సేవర్ అనే స్ప్రే దొరుకుతుంది. నేను ఉడికించిన అవిసె నూనె వాడతాను. పోసి, ఫ్రేమును అన్ని వైపులకూ దొర్లించి, మిగిలింది వంచేస్తే గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని గట్టి పొరగా ఆరుతుంది. ఆరేటప్పుడు వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి. ఆ మాట చెప్పాక నాన్న ఆ గుడ్డల్ని నీళ్ళ బకెట్‌లో వేసి రాత్రి రెండుసార్లు లేచి చూసొచ్చారు.

ఆ ఆదివారం ఆయన్ని ఫెయిర్‌ఫాక్స్ సైకిల్ మ్యూజియానికి తీసుకెళ్ళాను. ఈ బైకుల పుట్టిల్లు ఆ ఊరున్న మారిన్ కౌంటీయే. 1976 నుంచి అక్కడి కుర్రాళ్ళు పాత లావు టైర్ల ష్విన్ సైకిళ్ళేసుకుని ఒక మట్టి దారిలో పందేలు కట్టారు. రెండు మైళ్ళలోపే దాదాపు 1,300 అడుగుల దిగుడు. కిందికి చేరేసరికి వెనక హబ్బు బ్రేకులో గ్రీజు పొగై పోయేది, మళ్ళీ కూరాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు పడింది. ఆ పందేల్లో దిగిన జో బ్రీజ్ 1977లో ఇందుకోసమే కొత్త ఫ్రేము కట్టాడు. 1981లో జపాన్‌లో చేయించిన స్టంప్‌జంపర్ అనే మౌంటెన్ బైకు వచ్చి దుకాణాలకెక్కింది. నాన్న అంతా విని, “దిగినంతసేపూ సరే, ఎక్కేటప్పుడు ఎవడు తోశాడు?” అని అడిగారు. లారీలోనో, తోసుకుంటూనో ఎక్కేవారని చెబితే తృప్తిగా తలూపారు.

రంగు దగ్గర మాత్రం మాకు పేచీ వచ్చింది. “ఇంత కష్టపడ్డావు, కొత్త రంగు కొట్టించరా, పెళ్ళికొడుకులా ఉంటుంది,” అన్నారు. పౌడర్ కోటింగ్‌కు ముందు ఇసుక కొట్టి గీకుతారు, పల్చటి గొట్టాన్ని మరికాస్త పల్చన చేయడం నాకిష్టం లేదు. ఆ స్టిక్కరు మళ్ళీ రాదు కూడా. పెచ్చులూడిన చోట్ల మాత్రం మా అమ్మాయి నెయిల్ పాలిష్ అద్దాను. రంగు కలవలేదు. మా ఇద్దరికీ అది పెద్ద పట్టింపు కాలేదు.

బీబీ అడుగున చిల్లు నేనే వేశాను. కొత్త పోస్టుకు గ్రీజు పూసి దించాక, చీలిక సంగతి ఏం చేద్దామా అని చూస్తుంటే, నాన్న పాత ట్యూబు అడిగి, కత్తెరతో మూడంగుళాల ముక్క కోసి, పోస్టు తీయించి, గొట్టం మూతి మీదుగా బిగుతుగా తొడిగారు. ఇక చుక్క దిగదు. మిగిలిన ట్యూబు పారెయ్యబోతే చేతిలోంచి లాక్కున్నారు. నెల తర్వాత శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో చూస్తే, జిప్పు పోయిన ఆయన సూట్‌కేసుకు అడ్డంగా అదే ట్యూబు, రెండు చుట్లు, పైన గట్టి ముడి. తూకం వేసే అమ్మాయి దాన్ని లాగి చూసి, ఏమీ అనకుండా బెల్టు మీదికి తోసింది.