రైలుబండికి రంగుల కోక

హైదరాబాదునందు 2017 నవంబరులో మెట్రో రైళ్లు నడువనారంభించినవి. మార్గములు మూడింటికిని ఎఱుపు, నీలము, ఆకుపచ్చ యని రంగుల పేళ్లే యిడిరి. నాగోలునుండి రాయదుర్గమునకు బోవు నీలిమార్గము జూబిలీహిల్సు చెక్‌పోస్టు మీదుగా సాగును. దానికి జేరువనే చలనచిత్రములకు నెలవైన ఫిల్మ్‌నగరు కలదు. కొయ్యను, అట్టను రాజసౌధములుగా భ్రమింపజేయు రంగులవారి సీమ యిది.

ఇచ్చట బండికై నిలిచినపుడెల్ల మేము దానికి మనసులోనే రంగులు వేయుచుందుము. నీలిబండికి, నూలును ముడివైచి రంగులో ముంచి నేయు పోచంపల్లి చీర యంచు. ఎఱ్ఱబండికి చేర్యాల పటముల యెఱ్ఱని నేల. పచ్చబండికి నిర్మల చిత్రములలోని లతలు.

అయినను రంగు సొగసుకొఱకు మాత్రమే కాదు. ఎఱ్ఱ నీలి మార్గములు కలియు అమీరుపేటలో బండి మాఱవలసిన చదువురాని యవ్వకు రంగే యక్షరము. లతలుగాని, వర్తకుల ప్రకటనలుగాని బండి నంతయు గప్పివేసినచో ఆమె దేనిని జూచి యెక్కును? కావున తీగె యెంత యల్లినను మార్గపు రంగు మఱుగుపడరాదు.

మీ పిల్లలచే రైలుబొమ్మకు రంగులు వేయింపుడు. పిదప దానిని ఇంటి యవ్వకు దవ్వునుండి చూపుడు. ఆమె యే బండియో చెప్పగలిగిన నాడే ఆ చిత్రము చక్కనిది.