పెళ్ళి ఆల్బం, రాత్రి ఆట, ఒకే మానిటరు

సాఫ్ట్‌వేరులో పనిచేసేవాడికి చుట్టాల్లో ఇంకో ఉద్యోగం కూడా ఉంటుంది, జీతం లేనిది. ఎవరింట్లో ఏ ఎలక్ట్రానిక్ వస్తువు కొనాలన్నా మనకే ఫోను. "నేను రోజంతా జావాలో బగ్గులు వెతుక్కునేవాణ్ణి, నాకు ఫ్రిజ్జుల గురించి ఏం తెలుసు బాబూ" అన్నా వినరు. ఈసారి అడిగింది మా బాబాయి కొడుకు. చైతన్యపురిలో మొదటి అంతస్తులో వాడికో చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళూ, పుట్టినరోజులూ తీస్తాడు. ఆల్బం డిజైను కూడా తనే చేసుకుంటాడు. రాత్రి పదకొండు దాటాక అదే కంప్యూటరు మీద వాలరెంట్ ఆడతాడు.

"అన్నా, రెండిట్లకు పనికొచ్చేటట్టు ఒక్కటే మానిటర్ చెప్పు. ముప్పై వేల లోపల ఉండాలె" అన్నాడు.

ఇదేం పెద్ద ప్రశ్న అనుకునేవాణ్ణేమో గానీ, దీని వెనకాల ఓ కథ ఉంది. పోయిన పెళ్ళిళ్ళ సీజనులో వాడి ఆల్బం ఒకటి వెనక్కొచ్చింది. తెర మీద కళకళలాడిన ఫోటోలు ప్రింటులో ముదురుగా, మసకగా వచ్చాయి. పెళ్ళికూతురి తల్లి నాలుగు పేజీలు తిప్పి "మా పిల్ల గింత నల్లగుంటదా?" అందట. ప్రింటు వేసినవాళ్ళని అడిగితే "మీరు పంపిన ఫైలే వేశాం" అన్నారు. అందులో తప్పేమీ లేదు. మళ్ళీ ప్రింటు వేయించే ఖర్చు వీడి నెత్తిన పడింది. ఆ పెళ్ళి మీద మిగిలిందంతా అందులోకే పోయింది.

"నా స్క్రీన్ మీద మంచిగనే ఉండె అన్నా" అంటాడు వీడు.

ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? మన టీముల్లో వారానికోసారి ఎవడో ఒకడు అనే మాటే కదా: "నా మెషీన్లో పనిచేస్తోందే!" జబ్బు కూడా అదే. టెస్టు చేసే చోటికీ, అసలు నడిచే చోటికీ పొంతన లేదు. ఫోటోలు తీసేవాడికి మానిటరు టెస్టు ఎన్విరాన్మెంటు, ఆల్బం ప్రొడక్షను. మొదటిదాంట్లో అబద్ధం ఉంటే రెండోదాంట్లో అది డబ్బుల రూపంలో బయటపడుతుంది.

ఆ అబద్ధం ఎలా పుడుతుందో చూద్దాం. మొదటిది వెలుతురు. కాగితానికి సొంత వెలుగు లేదు, గదిలో పడే వెలుతురే దానికి దిక్కు. మానిటరుకేమో వెనక దీపం ఉంది. కొత్త మానిటరు డబ్బాలోంచి తీయగానే చదరపు మీటరుకి 250, 300 క్యాండెలాల దాకా వెలుగుతూ ఉంటుంది. ప్రింటు కోసం ఎడిటింగు చేసేవాళ్ళు 80 నుంచి 120 మధ్య పెట్టుకుంటారు. మావాడి పాత మానిటరు కొన్నరోజు నుంచీ వంద శాతం బ్రైట్‌నెస్ మీదే ఉంది. అంత వెలుగులో చూసి "ఫోటో చాలా తెల్లగా ఉందే" అని తగ్గించాడు. తగ్గించింది ఫోటోని, తగ్గించాల్సింది మానిటరుని.

రెండోది రంగు. దీనికి మా ఏరియా ఉదాహరణే చెబుతాను. 2021లో బాటసింగారానికి తరలిపోయేదాకా గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు మా కొత్తపేటలోనే ఉండేది. ఎండాకాలం ఆ దారిన నడిచినవాళ్ళకి కార్బైడు మామిడిపండ్ల సంగతి చెప్పక్కర్లేదు. తొక్క మీద మచ్చ లేకుండా ఒకే పసుపు, కోస్తే లోపల పులుపు. షాపులో వరసగా పెట్టిన మానిటర్లూ అంతే. పక్కదానికంటే కంటికి కొట్టేలా కనబడాలని రంగులు పెంచిన మోడులో ఉంచుతారు. చిలకపచ్చ అడవి, ఎర్రటి స్పోర్ట్స్ కారు తిప్పితిప్పి చూపిస్తారు. కొనేవాడి ముఖంలాంటి ముఖం ఒక్కటీ చూపించరు.

ఇక్కడ కాస్త టెక్నికల్ విషయం చెప్పక తప్పదు. హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల కొలత ప్రతిపాదించాయి, 1999లో అది అంతర్జాతీయ ప్రమాణం అయింది. వెబ్ పేజీలు మొదలుకుని మామూలు ఆల్బం ప్రింటింగు దాకా ఇప్పటికీ అందరూ మాట్లాడుకునే ఉమ్మడి భాష అదే. ఇప్పటి గేమింగు మానిటర్లు చాలావాటి రంగుల పరిధి దానికంటే పెద్దది. పెద్దదైతే మంచిదే కదా అంటారా? ఫోటోషాపులాంటివి సరైన ప్రొఫైలు ఇస్తే సర్దుకుంటాయి. ప్రొఫైలు లేకపోయినా, దాన్ని పట్టించుకోని ప్రోగ్రాములో చూసినా, ఎస్‌ఆర్‌జీబీ ఫోటో ఆ పెద్ద పరిధిలోకి సాగిపోతుంది. కుంకుమ ఎరుపు ఫ్లోరోసెంటు ఎరుపవుతుంది, పసుపు పూసిన ముఖం నారింజకి తిరుగుతుంది. దాన్ని చూసి రంగు తగ్గిస్తే ప్రింటులో పట్టుచీర వెలిసిపోయి వస్తుంది.

సరే, దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ షాపుకి వెళ్ళాం. షాపాయన మంచివాడే, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు. "240 హెర్ట్జ్, 1 మిల్లీసెకను, హెచ్‌డీఆర్, ఇంతకంటే ఏం కావాలి సార్" అన్నాడు. మావాడి కళ్ళు మెరిశాయి.

దిల్‌సుఖ్‌నగర్‌లో తిరిగినవాళ్ళకి అంకెలు చదవడం ఒకరు నేర్పాలా? రోడ్డుకి అటూ ఇటూ కోచింగు సెంటర్ల హోర్డింగులే, ఒకటో ర్యాంకు, రెండో ర్యాంకు, మూడో ర్యాంకు. ఆ ర్యాంకులు నిజమే కావచ్చు. మిగతా పిల్లల సంగతి మాత్రం హోర్డింగు మీద ఉండదు. మానిటరు డబ్బా మీది అంకెలూ ఆ జాతే.

"1 మిల్లీసెకను" తీసుకోండి. అది చాలాసార్లు ఓవర్‌డ్రైవ్ అనే సెట్టింగుని చివరిదాకా పెంచినప్పుడు వచ్చే ఒకే ఒక్క మంచి కొలత. ఆ సెట్టింగులో కదిలే బొమ్మ వెనక దయ్యంలా నీడ వస్తుంది, అందుకని ఎవరూ దాన్ని వాడరు. హెచ్‌డీఆర్ 400 అని ఉంటే తెరని ముక్కలుముక్కలుగా వేరువేరుగా వెలిగించే ఏర్పాటు ఉండాలన్న నియమం లేదు. ఈ ధరలో ఆ ముద్ర మీద ఆశలు పెట్టుకోవద్దు.

ఇక హెర్ట్జ్. ఇది లెక్క కాబట్టి మనకి సులువు. 60 హెర్ట్జ్ మానిటరు ఒక్కో బొమ్మని 16.7 మిల్లీసెకన్లు చూపిస్తుంది. 144 అయితే 6.9, 240 అయితే 4.2. అంటే 60 నుంచి 144కి వెళ్తే దాదాపు పది మిల్లీసెకన్లు మిగులుతాయి, అది చేతికీ కంటికీ తెలుస్తుంది. 144 నుంచి 240కి వెళ్తే మిగిలేది మూడు కూడా లేదు. ఆ మూడు కోసం డబ్బు పెట్టేముందు మీ పింగు ఎంతో, మీ గ్రాఫిక్స్ కార్డు అసలు సెకనుకి ఎన్ని ఫ్రేములు ఇస్తుందో చూసుకోండి. టోర్నమెంటులో ఆడేవాడి సంగతి వేరు. పన్నెండింటికి ఆడటం మొదలుపెట్టి పొద్దున ఏడింటికి ముహూర్తానికి పరిగెత్తేవాడికి 144 నుంచి 180 మధ్య ఏదైనా ఎక్కువే.

మిగిలిన ఎంపిక మేం ఇలా చేశాం:

1. ప్యానెలు: ఐపీఎస్. పక్కనుంచి చూసినా రంగు మారదు. స్టూడియోలో కుర్చీలో ఒకడు, వెనకాల పెళ్ళివాళ్ళు నలుగురు నిలబడి చూస్తారు కాబట్టి ఇది ముఖ్యం. వీఏ ప్యానెల్లో నలుపు చిక్కగా ఉంటుంది, సినిమాకి బాగుంటుంది, కానీ తల కాస్త జరిపితే నీడల షేడు మారుతుంది. చవకరకం వీఏలో చీకటి బొమ్మలు కదిలితే మరక లాగినట్టుంటుంది. ఓఎల్ఈడీ రెండు పనులకీ అద్భుతం, కానీ మా బడ్జెట్టులో లేదు. పైగా రోజుకి పది గంటలు ఫోటోషాపు టూల్‌బార్ కదలకుండా ఉండే తెర మీద ఆ ముద్ర శాశ్వతంగా పడిపోయే భయం ఉంది.

2. సైజు: 27 అంగుళాలు, 2560 బై 1440. అంగుళానికి 109 చుక్కలు. అదే 27 అంగుళాల్లో 1920 బై 1080 తీసుకుంటే 82కి పడిపోతుంది. అప్పుడు ఫోటో నిజంగా షార్పుగా ఉందో లేదో తెర మీద తేల్చుకోవడం కష్టం. ఫోర్‌కే అయితే 163, ఎడిటింగుకి బాగుంటుంది గానీ మావాడి గ్రాఫిక్స్ కార్డు ఆటలో చేతులెత్తేస్తుంది.

3. ఎస్‌ఆర్‌జీబీ మోడు: తప్పనిసరి. అంతకంటే ముఖ్యం, ఆ మోడులో బ్రైట్‌నెస్ మార్చుకోనివ్వాలి. చాలా గేమింగు మానిటర్లలో ఆ మోడు పెట్టగానే బ్రైట్‌నెస్ తాళం పడిపోతుంది. ఇది డబ్బా మీద రాయరు, షాపులో మెనూ తెరిచి చూడాల్సిందే. మేం మూడు మానిటర్లు వద్దనుకున్నది ఈ ఒక్క కారణంతోనే.

4. స్టాండు: ఎత్తు మార్చుకునేది. మెడనొప్పి గురించి మనవాళ్ళకి నేను చెప్పేదేముంది.

షాపుకి వెళ్ళేటప్పుడు రెండు వస్తువులు పట్టుకెళ్ళాం. ఒక పెన్‌డ్రైవులో వాడి సొంత ఫోటోలు, సంచిలో ఆ వెనక్కొచ్చిన ఆల్బం. మానిటరుని ఎస్‌ఆర్‌జీబీలో పెట్టి, బ్రైట్‌నెస్ తగ్గించి, అదే ఫోటో తెరిచి పక్కన ఆల్బం పేజీ పట్టుకున్నాం. షాపు లైట్లలో ఇది కచ్చితమైన పరీక్షేం కాదు. అయినా ఏది మరీ అబద్ధాలకోరో రెండు నిమిషాల్లో తేలిపోయింది. షాపాయన మాత్రం "మానిటర్ కొనడానికి పెళ్ళి ఆల్బం తెచ్చినోళ్ళని మిమ్మల్నే చూస్తున్న సార్" అన్నాడు.

చివరికి ఇరవై అయిదు వేల లోపే దొరికింది, 180 హెర్ట్జ్‌ది. మిగిలిన డబ్బుతో ఆర్జీబీ లైట్ల కీబోర్డు కొంటానన్నాడు. నేను వద్దన్నాను. ఎంత మంచి మానిటరైనా కాలంతోపాటు రంగు జరుగుతుంది, దాన్ని కొలిచే పరికరం ఒకటి ఉండాలి. తెర మీద ఆనించి పెడితే ప్రోగ్రాము రంగులు చూపిస్తుంది, అది కొలిచి ప్రొఫైలు తయారుచేస్తుంది. డిస్‌ప్లేకాల్ అనే ఉచిత ప్రోగ్రాము కూడా ఉంది. పరికరం ధర పది పదిహేను వేల పైమాటే. ఒక్కడికి బరువే, కానీ నెలకోసారి అరగంట పని. చైతన్యపురి, కొత్తపేట గల్లీల్లో పక్కపక్కనే ఇన్ని స్టూడియోలున్నాయి, నలుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది కదా! మావాడు ఇద్దర్ని ఒప్పించాడు, నాలుగోవాడు ఇంకా ఆలోచిస్తున్నాడట.

ఖర్చు లేని పనులు రెండు మూడున్నాయి. కొన్నాక విండోస్ సెట్టింగుల్లోకి వెళ్ళి హెర్ట్జ్ మార్చండి. 180ది కొని ఏడాదిగా 60 మీద ఆడుతున్నవాళ్ళు మన ఆఫీసుల్లోనే ఉన్నారు. డిస్‌ప్లేపోర్ట్ తీగ వాడండి. ఎడిటింగు చేసేటప్పుడు నైట్ లైట్ ఆపండి. తెర వెనక ముదురు ఆకుపచ్చ గోడ ఉంటే దానికి బూడిదరంగు వేయించండి, ఆ పచ్చదనం కంటిని మోసం చేస్తుంది.

ఇంత రాసింది అంకెల కోసం కాదు. ఆ పెళ్ళికూతురి తల్లి అన్న మాట నన్ను వదల్లేదు. "నలుపు నారాయణ మెచ్చు" అని సామెత చెప్పుకుంటాం గానీ ఆల్బంలో మాత్రం పిల్ల తెల్లగా ఉండాలి. స్టూడియోవాళ్ళు అడక్కముందే రెండు పాయింట్లు తెలుపు పెంచేస్తారు. ఇది మన రోగమే కాదు. ఫిల్ము రోజుల్లో కొడాక్ కంపెనీ లాబులకి షర్లీ కార్డు అని ఒకటి పంపేది. దాని మీద ఉన్నది తెల్లజాతి స్త్రీ ఫోటో. ఆమె చర్మం సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా ఉన్నట్టు. మిగతా ప్రపంచం చర్మం ఎలా వచ్చినా సరే. వేరే రంగుల మనుషులున్న కార్డులు రావడానికి దశాబ్దాలు పట్టింది.

ఇప్పుడు ఆ కార్డు లేదు, మన మానిటరు మన చేతిలోనే ఉంది. ముందు మనిషి రంగు ఉన్నదున్నట్టు కనబడాలి. ఆ తర్వాత పెంచుతావో, తగ్గిస్తావో, అలాగే ఉంచుతావో అది నీ నిర్ణయం, కస్టమరు నిర్ణయం. అసలు రంగు ఏదో తెలియకుండా పెంచితే అది ఎడిటింగు కాదు, చీకట్లో సున్నం వేయడం.

కొత్త మానిటరు మీద చేసిన మొదటి ఆల్బం ఈమధ్యే డెలివరీ అయింది. పెళ్ళికూతురు చామనఛాయ. ఆల్బంలోనూ చామనఛాయే. వాళ్ళ నాన్న చూసి "మా బిడ్డ లెక్కనే ఉంది" అని మిగతా డబ్బు అక్కడికక్కడే ఇచ్చేశాడట. ఆటలో మావాడి ర్యాంకు మాత్రం పెరగలేదు. దానికి ఇప్పుడు మౌస్ మార్చాలంటున్నాడు.