తూము దగ్గర్నుంచి చూసుకో!

మా నాయనమ్మకు నాట్ల పాటలు బోలెడు వచ్చు. కోనసీమ చేలల్లో ఏళ్ల తరబడి నడుం వంచి నాట్లేసిన మనిషి. ఇప్పుడు ఎనభై రెండేళ్లు. రెండు చరణాలు పాడితే ఆయాసం. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అనుకుని, సంక్రాంతి సెలవులకు లాప్‌టాప్, మైకు, ఆ రెంటినీ కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ మోసుకుని ఊరెళ్లాను. లాప్‌టాప్‌లో ఉన్నది రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. ఒకప్పుడు మన కంప్యూటర్లలో పాటలు వినిపించిన విన్‌యాంప్ గుర్తుందా? దాన్ని తయారుచేసిన జస్టిన్ ఫ్రాంకెల్ రూపొందించిందే ఇదీ.

ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, తలుపుకి దుప్పటి కట్టి... హడావుడంతా అయ్యాక నాయనమ్మ పాడింది. ఇరవై నిమిషాలు. మధ్యలో మూడుసార్లు మంచినీళ్లు. నా హెడ్‌ఫోన్స్‌లో గొంతు స్పష్టంగా వినిపిస్తూనే ఉంది.

‘ఏదీ, వినిపించవే’ అంది ముచ్చటగా. ప్లే నొక్కాను. తెరమీద గీత కదులుతోంది కానీ చప్పుడు లేదు! వాల్యూమ్ పెంచాను. హెడ్‌ఫోన్స్ పీకి మళ్లీ పెట్టాను. లాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాను. ఊహూ!

‘నా ముసలి గొంతు దానికి నచ్చలేదేమోనే’ అంది నాయనమ్మ. నాకు ఏడుపొక్కటే తక్కువ. మొత్తం చెరిపేసి మళ్లీ పాడించుకుందామని డిలీట్ మీద వేలు కూడా పెట్టాను.

‘చేలోకి నీళ్లు రాకపోతే మీ తాత గట్టుమీద కూర్చుని తిట్టుకునేవాడు కాదే. తూము దగ్గర్నుంచి కాలవ వెంట నడుచుకుంటూ వచ్చేవాడు. ఎక్కడో ఒకచోట అడ్డం పడి ఉండేది’ అంది, నా మొహం చూసి.

వేలు వెనక్కి తీసుకున్నాను. నేనూ తూము దగ్గరికే వెళ్లాను. తెరమీద గొంతు తాలూకు అలలు కనిపిస్తున్నాయా? ఉన్నాయి. అంటే మైకు, తీగ, ఇంటర్‌ఫేస్ బాగానే ఉన్నట్టు. పాట డిస్కులోకి చేరినట్టే! సగం ప్రాణం లేచొచ్చింది. తర్వాత మిక్సర్‌లో ఆ ట్రాక్ మీటరు. ఆకుపచ్చగా ఎగురుతోంది. మ్యూట్, సోలో బటన్లు... రెండూ నొక్కి లేవు. ఇక చివర మాస్టర్ మీటరు. అన్ని ట్రాక్‌ల శబ్దాలూ కలిసి స్పీకర్‌కి వెళ్లేది దాని గుండానే. అది మాత్రం కదలడం లేదు. దొరికింది! అడ్డు ఈ రెంటి మధ్యే ఉంది.

ట్రాక్ పక్కనున్న ‘రూట్’ బటన్ నొక్కితే, మాస్టర్‌కి పంపే గడిలో టిక్కు లేదు. అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున పరీక్ష చేసుకుంటూ గొంతుకి కాస్త గుడిలో మోగినట్టు రావాలని ఇంకో ట్రాక్ పెట్టాను. గొంతుని దాంట్లోకి మళ్లించి, మాస్టర్‌కి నేరుగా వెళ్లే దారి మూసేశాను. తర్వాత నచ్చక ఆ కొత్త ట్రాక్‌ని తీసేశాను. మూసిన దారి తెరవడం మరిచాను. మరి పాడుతున్నప్పుడు ఎలా వినిపించిందంటారా? అది మైకు నుంచి ఇంటర్‌ఫేస్ నేరుగా హెడ్‌ఫోన్స్‌కి పంపిన శబ్దం. సాఫ్ట్‌వేర్ దాకా వెళ్లి వచ్చింది కాదు. నేనేమో అంతా సవ్యంగానే ఉందనుకున్నా.

ఒకవేళ మాస్టర్ మీటరు కూడా కదులుతూ చప్పుడు రాకపోతే? అప్పుడు చూడాల్సింది శబ్దం ఏ పరికరానికి వెళ్తోందన్నది. హెడ్‌ఫోన్స్ మన చెవులకుంటే, పాట ఇంకెక్కడికో పోతుండొచ్చు.

టిక్కు పెట్టాను. గది నిండా నాయనమ్మ గొంతు! ఆవిడ కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ వింది. మూడో పాట దగ్గర చటుక్కున కళ్లు తెరిచింది.

‘ఆపవే! ఇక్కడ ఓ చరణం మర్చిపోయాను. ఇప్పుడు గుర్తొచ్చింది. ఏదీ, ఆ మైకిలా పెట్టు!’

ఈసారి ముందు పది సెకన్లు పాడించి, వినిచూసి, అప్పుడే అసలు పాట మొదలుపెట్టాం.