ఆ బిడ్డకు దయ్యమా, జబ్బా?



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెలకు, తండాలకు ప్రార్థనకు వెళ్తే తల్లులు మమ్మల్ని అడిగేది ఒకటే. "అయ్యగారూ, తాగొచ్చి పెండ్లాన్ని కొడుతుండు, బియ్యం కూడా అమ్ముకుంటుండు. మా పిలగానికి దయ్యం పట్టిందా, వాని బుద్ధే అంతనా?"

ఈ రెండూ కాక మూడో మాట ఉంది. ఆ బిడ్డ మెదడు దెబ్బతిని ఉండవచ్చు.

నుదుటి వెనక ఉండే మెదడు భాగం మనిషికి కళ్లెం లాంటిది. కోపం వచ్చినప్పుడు "ఆగు" అనేది అదే. 1848లో అమెరికాలో ఫినియాస్ గేజ్ అనే రైలుమార్గం మేస్త్రీ తలలోంచి ఇనుప కడ్డీ దూసుకుపోయింది. ప్రాణం దక్కింది గాని, మనిషి దురుసుగా మారాడని వైద్యం చేసిన డాక్టరే రాశాడు. గుడుంబా కడ్డీలా ఒక్కసారి గుచ్చదు, రోజూ కొంచెం కొంచెంగా ఆ కళ్లేన్ని వదులు చేస్తుంది.

2015లో మన తెలంగాణలోనే జరిగింది చూడండి. కల్తీ కల్లును ప్రభుత్వం అడ్డుకోగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో చాలామంది ఆసుపత్రుల పాలయ్యారు. ఫిట్స్ వచ్చాయి, పొంతన లేకుండా మాట్లాడారు. కల్లులో అల్ప్రాజోలం, డైజెపామ్ లాంటి మత్తుమందులు కలపడమే కారణం. మెదడును నెమ్మదిపరిచే 'గాబా' అనే రసాయనం పనిని ఆ మందులు పెంచుతాయి. మెదడు వాటి మీదే ఆధారపడిపోతుంది. మందు ఒక్కసారి ఆగితే, బ్రేకులు తెగిన బండి పల్లానికి దిగినట్టే. నిద్ర ఉండదు, లేనివి కనిపిస్తాయి, కొందరు ఎదుటివారి మీద పడతారు. అది దయ్యం కాదు, బాణామతీ కాదు. దాని పేరు చెప్పి పొరుగింటి ముసలమ్మను నిందించడం ఘోర పాపం.

మరి తప్పు ఎవరిది? ఏం చేస్తున్నాడో తెలియనంతగా మతి చెదిరినవాడు చేసినది నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ అంటుంది. తెలియకుండా ఎవరో మత్తు ఎక్కిస్తే, ఆ మత్తులో తెలివి తప్పినవానికీ 23వ సెక్షన్‌లో రక్షణ ఉంది. తానై తాగినవానికి ఆ రక్షణ లేదు. కల్లు తాగుతున్నానని తెలిసి, అందులో గోలీల పొడి ఉందని తెలియనివాని లెక్క ఏమిటి? మనుషుల కోర్టుకు అది కష్టమైన ప్రశ్నే. కలిపి అమ్మినవాని లెక్క మాత్రం దేవుని ఎదుట తేటగానే ఉంది.

ఒక సంగతి మరువకండి. మానసిక జబ్బు ఉన్నవారిలో ఎక్కువమంది ఎవరికీ హాని చేయరు. దెబ్బలు తినేది తరచుగా వారే.

మార్కు 5వ అధ్యాయంలో గెరాసేనుల దేశపు మనిషిని చూడండి. ఊరు అతనికి గొలుసులు వేసింది. యేసయ్య పేరు అడిగాడు. బుద్ధి కుదిరాక అతన్ని తన ఇంటివారి దగ్గరికే పంపాడు. కయీనుతో దేవుడు మాట్లాడింది హత్య తర్వాతే కాదు, ముఖం చిన్నబోయినప్పుడే ముందుగా మాట్లాడాడు. సంఘం కూడా కేసు అయ్యాక కాదు, ముఖం చిన్నబోయినప్పుడే ఆ ఇంటికి వెళ్లాలి.

కాబట్టి మేము చెప్పేది ఇదే. ప్రార్థన మానకండి. ప్రార్థించి వరంగల్ ఎంజీఎంకు బస్సెక్కించండి. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు. ఏళ్ల తరబడి తాగినవానితో డాక్టరు లేకుండా ఒక్కరోజులో మాన్పించకండి, అది ప్రాణానికే ముప్పు. కొట్టే చేతికి భార్యాపిల్లలను దూరంగా, భద్రంగా ఉంచండి. జబ్బు ఉందని ఆమె దెబ్బలు ఓర్చుకోవాలని ఏ పాస్టరూ చెప్పకూడదు.

తెలివి కుదిరిన రోజున ఆ బిడ్డ భార్య ఎదుట తల వంచి క్షమాపణ అడగాలి. మందు మెదడును నెమ్మది చేస్తుంది గాని, ఆ మాట మనిషే పలకాలి.

ప్రభువా, మమ్మల్ని మలిచినవాడవు నీవే. చెదిరిన మెదళ్లను బాగుచేయుము, కఠినమైన హృదయాలను కరిగించుము. ఆమెన్.